ఆగిపోయిన సైఫై సిరీస్‌కు ముగింపు సినిమా కావాలా? వరంగల్‌లో కూర్చుని అడిగే పద్ధతి ఇదీ

సీజన్ చివరి ఎపిసోడ్‌లో అంతరిక్ష ఓడ పేలబోతుండగా తెర నల్లబడుతుంది. కొన్ని వారాలకు "రద్దు" అన్న వార్త వస్తుంది. ఆ తర్వాత అందరూ అడిగేది ఒకటే: "ఇంకో సీజన్ లేకపోతే పాయె, ఒక్క సినిమా తీసి కథ ముగించమని ఎట్లా అడగాలె? హన్మకొండల కూసొని అడిగితే అమెరికాల ఎవరు వింటరు?"

విన్న సందర్భాలు ఉన్నాయి. అమెరికా సిరీస్ 'ఫైర్‌ఫ్లై'ని 2002 డిసెంబరులో ఆపేశారు. 14 ఎపిసోడ్లు తీస్తే టీవీలో వేసినవి 11. 2005 సెప్టెంబరులో 'సెరెనిటీ' పేరుతో సినిమా వచ్చింది. 2002లోనే రద్దు ప్రకటించిన 'ఫార్‌స్కేప్'కు 2004లో ముగింపు మినీ సిరీస్ దొరికింది. 'సెన్స్8' రద్దు వార్త 2017 జూన్ 1న వచ్చింది, అదే నెల ముగిసేలోపు ముగింపు ఎపిసోడ్ ప్రకటించారు, 2018 జూన్ 8న సినిమా అంత నిడివితో, రెండున్నర గంటలు, విడుదల చేశారు. 'టైమ్‌లెస్'కు ఆరు నెలల్లోనే రెండు భాగాల ముగింపు వచ్చింది. వినని సందర్భాలు వీటికంటే చాలా ఎక్కువ, అది కూడా ముందే తెలిసి దిగండి.

అభిమానుల్లో కోపానికి, ప్రేమకు కొదవ ఉండదు. చాలాసార్లు పని చెడేది, ఆ మాట చేరాల్సిన చోటికి చేరక, అడిగేది తేలక, డబ్బు పెట్టి చూసేవాళ్లు ఇంతమంది ఉన్నారని చూపించక. కింద ఉన్నదంతా ఆ మూడింటి కోసమే.

కావలసినవి

- 8 నుంచి 12 మంది మనుషులు. ఇంకా ఎక్కువమంది ఉంటే మంచిదే, కానీ పని చేసేది ఈ పన్నెండు మందే.
- సిరీస్ అధికారికంగా దొరికే ఓటీటీలో చందా. ఇంట్లో ఒక్కరికి ఉన్నా చాలు.
- ఒక గూగుల్ షీటు. లేదంటే 200 పేజీల లాంగ్ నోట్‌బుక్.
- ఎ4 కాగితాలు, మామూలు తెల్ల కవర్లు, నీలం లేదా నల్ల బాల్‌పెన్ను. జెల్ పెన్ను వద్దు, తడి తగిలితే అడ్రసు పోతుంది.
- తపాలా ఖర్చుకు కొంత డబ్బు. ఎంతో ఇప్పుడే అంచనా వేయకండి, 5వ మెట్టులో లెక్క ఉంది.
- ఇంగ్లీషు బాగా రాసేవాళ్లు ఒకరు. కథ బాగా తెలిసినవాళ్లు కాకపోయినా ఫరవాలేదు. నిజానికి కాకపోతేనే మంచిది, ఉత్తరం పొట్టిగా వస్తుంది.

1. సిరీస్ ఎవరిదో తేల్చండి

చాలా తప్పులు ఇక్కడే మొదలవుతాయి. సిరీస్ చూపించిన ఛానెల్ ఒకరిది, తీసిన స్టూడియో ఇంకొకరిది, సినిమా హక్కులు మూడోవాళ్ల దగ్గర ఉండొచ్చు. మనవాళ్లు ఛానెల్‌ని తిట్టుకుంటూ ఏడాది గడిపేస్తారు. ఆ ఛానెల్ చేతిలో అప్పటికే ఏమీ ఉండదు.

చివరి ఎపిసోడ్ పెట్టండి. ఓటీటీ క్రెడిట్స్‌ను చిన్నగా చేసి తర్వాతి షోకు దూకుతుంది కాబట్టి "క్రెడిట్స్ చూడు" నొక్కి, చివరి పది సెకన్ల దగ్గర ఆపండి. కాపీరైట్ గుర్తు పక్కన సంవత్సరం, ఒక కంపెనీ పేరు ఉంటాయి. ఆ తర్వాత ఒక్కొక్కటిగా వచ్చే లోగోలు నిర్మాణ సంస్థలవి. అన్నింటినీ ఆ వరుసలోనే రాసుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే చాలా యాప్‌లలో నల్లగా వస్తుంది, చేత్తో రాసుకోవడమే నయం.

ఇప్పుడు మీ సిరీస్ కింది వాటిలో దేనికి దగ్గరో చూడండి.

చూపించినవాళ్లకే అన్నీ ఉంటే, అంటే ఓటీటీ తన సొంతంగా తీయించుకున్నదైతే, అడగాల్సింది వాళ్లనే. నెట్‌ఫ్లిక్స్ తీయించుకున్న 'సెన్స్8' ఈ రకానికి దగ్గర. ఇంకో ఓటీటీ ఆఫీసు తలుపు తట్టి లాభం లేదు.

తీసినవాళ్లు వేరు, చూపించినవాళ్లు వేరు అయితే మీకు దారులు ఎక్కువ. 'ది ఎక్స్‌పాన్స్'ను 2018 మేలో 'సైఫై' అనే పేరున్న అమెరికా ఛానెల్ వదిలేసింది. దాన్ని తీసింది ఆల్కన్ అనే సంస్థ, హక్కులు వాళ్లవే. అభిమానులు అమెజాన్ ఆఫీసు మీదుగా బ్యానర్ కట్టిన విమానం కూడా తిప్పారు. రెండు వారాల్లో అమెజాన్ తీసుకుంది. విమానం ఎగిరింది కాబట్టి పని జరిగిందని అందరూ చెప్పుకుంటారు, కానీ అమ్మగలిగే స్థితిలో ఒక నిర్మాత లేకపోతే ఎన్ని విమానాలు తిరిగినా అంతే.

సినిమా హక్కులు వేరేవాళ్లు కొనడం మూడో రకం. 'ఫైర్‌ఫ్లై' ఫాక్స్‌ది, 'సెరెనిటీ' తీసింది యూనివర్సల్.

నాలుగోది చేదు. హక్కుదారే కష్టాల్లో ఉంటే ఆగక తప్పదు. 'స్టార్‌గేట్ ఎస్‌జీ-1' 2007లో ముగిస్తే 2008లో నేరుగా డీవీడీకి రెండు సినిమాలు వచ్చాయి. అది చూసి 'స్టార్‌గేట్ యూనివర్స్' వాళ్లు కూడా సినిమా మీద ఆశ పెట్టుకున్నారు. కానీ ఈలోపు డీవీడీ అమ్మకాలు పడిపోయాయి, హక్కుదారైన ఎంజీఎం 2010 నవంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఓడలో అందరూ నిద్రలోకి వెళ్లిన దగ్గరే ఆ కథ ఆగిపోయింది. అభిమానుల్లో లోపం ఏమీ లేదు.

సరిచూసుకోండి: షీటులో మొదటి వరుస ఇలా నిండాలి: చూపించింది ఎవరు, తీసింది ఎవరు, కాపీరైట్ ఎవరిది. మూడు గడులూ నిండకుండా రెండో మెట్టుకు పోవద్దు.

2. అడిగేది ఒక్క వాక్యంలో పెట్టండి

"మా సిరీస్ మాకు తిరిగి ఇవ్వండి" అన్నది అరుపు. "కథ ముగించే రెండు గంటల సినిమా ఒకటి తీయండి" అన్నది అభ్యర్థన, దానికి ఎవరో ఒకరు ఖర్చు లెక్క వేయగలరు. సీజన్ అంటే సెట్లు మళ్లీ కట్టాలి, నటీనటులతో ఏళ్ల తరబడి ఒప్పందాలు రాసుకోవాలి. సినిమా అయితే కొన్ని వారాల డేట్లతో సరిపోతుంది. రద్దయిన కొన్నాళ్లకే సెట్లు విప్పేస్తారు, నటులు వేరే పనులకు వెళ్లిపోతారు. కాబట్టి మొదటి రెండు మూడు నెలల్లో అడిగిన మాటకు బరువెక్కువ.

వాక్యంలో మూడు ఉండాలి: సిరీస్ పేరు, ముగింపు, ఒకటే సినిమా. నాలుగోది చేర్చకండి. "సీజన్ 3 అయినా, సినిమా అయినా, యానిమేషన్ అయినా, కామిక్ అయినా" అని రాస్తే చదివేవాడు వీళ్లకే ఏం కావాలో తెలియదని పక్కన పెడతాడు.

హెచ్చరిక: సినిమా కథ ఎలా ఉండాలో రాయకండి. ఎవరు బతకాలి, ఓడ ఎక్కడ దిగాలి, ఏదీ వద్దు. బయటివాళ్లు పంపిన కథలను స్టూడియోలు చదవకుండానే పక్కన పెడతాయి, రేపు "నా కథ కాపీ కొట్టారు" అని కోర్టుకు వస్తారని భయం. మీరు ఎంతో ప్రేమగా రాసిన ఆ ఒక్క పేరా వల్ల ఉత్తరం మొత్తం లీగల్ వాళ్ల బల్ల మీదికి పోతుంది. మన దగ్గర ఈ తప్పు చాలా ఎక్కువ. ఉత్తరం ఇచ్చి చూడమంటే నాలుగు పేజీల క్లైమాక్స్ వస్తుంది.

3. జట్టు, పని పంపకం

వాట్సాప్ గ్రూపులో 1024 మంది పడతారు. అందరినీ వేసుకోండి, కానీ పని గ్రూపు వేరుగా పెట్టండి. అందులో పన్నెండు మందే. ఉత్తరాలకు ముగ్గురు, సోషల్ మీడియాకు ముగ్గురు, షీటుకు ఒకరు, డబ్బుకు ఇద్దరు, వార్తలు సరిచూడటానికి ఒకరు. మిగిలినవాళ్లు పరీక్షలో ఉన్నవాళ్ల బదులు.

డబ్బుకు ఇద్దరు ఎందుకంటే, ఒకరి యూపీఐకి డబ్బు వస్తే ఇంకొకరు ప్రతి ఆదివారం లెక్క గ్రూపులో పెట్టాలి. 200 రూపాయల దగ్గర పాడైన స్నేహాలు చాలా ఉన్నాయి. విదేశాల్లో ఉన్న బంధువులు "మేమూ పంపుతాం" అంటారు. వద్దనండి. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా జట్టు పేరున తీసుకుంటే లేనిపోని చిక్కు. వాళ్లనే అక్కడి నుంచి ఉత్తరం పోస్టు చేయమనండి, వాళ్ల ఉత్తరం ముందు చేరుతుంది కూడా.

తేదీలు వేసుకునేటప్పుడు బతుకమ్మ, దసరా పది రోజులు, సంక్రాంతి వారం తీసేయండి. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ వారం కూడా. కాకతీయ యూనివర్సిటీ, నిట్ పిల్లలు జట్టులో ఉంటే సెమిస్టర్ పరీక్షల తేదీలు ముందే అడగండి.

4. చూడండి, చూపించండి

ఉత్తరానికన్నా ముందు ఇది. స్టూడియో ఎవరి మాట విన్నా చివరికి తెరిచేది చూసినవాళ్ల లెక్కనే.

నెట్‌ఫ్లిక్స్ 2021 నవంబరు నుంచి ప్రతి వారం టాప్ 10 బయటపెడుతోంది, అందులో ఇండియాకు వేరే జాబితా ఉంది. 2023 జూన్ నుంచి 'వ్యూస్' అంటే చూసిన మొత్తం గంటలను ఆ షో నిడివితో భాగించిన అంకె. దీన్నిబట్టి మీరు చేయాల్సింది తెలుస్తుంది. పదిమంది చెరో ఎపిసోడ్ చూసి ఆపేస్తే ఆ అంకె పెద్దగా కదలదు. కొత్తగా ఇద్దరితో మొదటి నుంచి చివరిదాకా చూపిస్తే అది లెక్కలోకి వస్తుంది.

కాబట్టి జట్టులో ఒక్కొక్కరు ఇద్దరు కొత్త ప్రేక్షకులను పట్టుకోండి. నెల గడువు. తెలుగు ఆడియో ఉంటే తెలుగులోనే పెట్టించండి. ఏ భాషలో చూశారో ప్లాట్‌ఫారానికి తెలుస్తుంది, తెలుగులో చూసేవాళ్లున్నారన్న సంగతి మీ ఉత్తరంలో రాయడానికీ పనికొస్తుంది.

చేయకూడనివి:
- టీవీ సౌండు ఆపేసి రాత్రంతా ఆడించడం. "ఇంకా చూస్తున్నారా" అని అడిగి అదే ఆగిపోతుంది.
- వీపీఎన్ పెట్టి అమెరికా నుంచి చూస్తున్నట్టు చూపించడం. నిబంధనలకు విరుద్ధం, పైగా తెలుగు ప్రేక్షకుల లెక్క మీరే తగ్గించుకున్నట్టు.
- టెలిగ్రామ్‌లో దొరికిన ఫైలు పంచడం. లక్షమంది చూసినా స్టూడియో లెక్కలో సున్నా.

సిరీస్ అసలు ఇక్కడ ఏ ఓటీటీలోనూ లేకపోతే? నెట్‌ఫ్లిక్స్ సహాయ కేంద్రంలో షోలు, సినిమాలు కావాలని అడిగే పేజీ ఉంది, ఒకసారికి 3 పేర్లు పెట్టొచ్చు. మూడు గడుల్లోనూ ఒకే పేరు నింపకండి. ఇక డిస్కు కొంటామంటే రీజియన్ చూసుకోండి. అమెరికా డీవీడీ రీజియన్ 1, మనది 5. బ్లూ-రే అయితే వాళ్లది ఎ, మనది సి. కొన్న డిస్కు ఇంట్లో ప్లేయర్‌లో తిరగకపోతే అలమరాలో బొమ్మలా పెట్టుకోవాల్సిందే.

5. ఉత్తరాలు

కాలం మారింది, ఉత్తరం ఎవరు చదువుతారు అంటారు. 1967-68లో 'స్టార్ ట్రెక్' మూడో సీజన్‌ను నిలబెట్టింది ఉత్తరాలే. 1968 మార్చి 1న ఎన్‌బీసీ ఛానెల్ తెర మీదే ప్రకటించాల్సి వచ్చింది, సిరీస్ కొనసాగుతుంది అని. ఇప్పుడు అందరూ ట్వీటు వేస్తారు కాబట్టి చేతిరాత కవరు బల్ల మీద వేరుగా కనిపిస్తుంది. ఇండియా స్టాంపు ఉంటే మరీ.

25 ఉత్తరాలు చాలు. నాలుగు వారాలకు పంచండి: వారానికి ఆరేడు. అన్నీ ఒకే రోజు వేస్తే ఒకే కట్టగా చేరి ఒకే ఉత్తరంలా లెక్కవుతాయి.

ప్రతి ఉత్తరం ఒకే పేజీ, 150 మాటలు మించొద్దు. ఒకే మూసలో జిరాక్సు తీసి సంతకాలు పెట్టొద్దు. వరుస మాత్రం ఇదే ఉండనివ్వండి, మాటలు ఎవరివి వాళ్లవి. తెలుగులో విషయం ఇలా ఉంటుంది:

"అయ్యా/అమ్మా, నేను తెలంగాణలోని వరంగల్ నుంచి రాస్తున్నాను. మీ సిరీస్‌ను ఫలానా ఓటీటీలో, తెలుగు ఆడియోలో, రెండు సీజన్లూ చూశాను. నేను చెబితే మా ఇంట్లో ముగ్గురు చూశారు. మూడేళ్లుగా ఈ ఓటీటీకి చందా కడుతున్నాను. కథ సగంలో ఆగిపోయింది. దయచేసి దాన్ని ముగించే రెండు గంటల సినిమా ఒకటి తీయండి. థియేటర్లో వస్తే టికెట్ కొంటాను, ఓటీటీలో వస్తే మొదటి వారంలోనే చూస్తాను. కృతజ్ఞతలు."

అంతే. ఇంగ్లీషులోకి పెట్టేటప్పుడు ఈ వరుస చెడగొట్టకండి: ఊరు, ఎక్కడ చూశాను, ఎంతమందికి చూపించాను, ఏం కట్టాను, ఏం కావాలి, వస్తే ఏం చేస్తాను. పైన మొదటి వరుసలో ఒక్క వాక్యం తెలుగు లిపిలో చేత్తో రాసి, కింద దాని అర్థం రాయండి. తెలుగు లిపి చూడనివాళ్లు ఆగి చూస్తారు. "రెండు సీజన్లు", "మూడేళ్లు" అన్నచోట మీ నిజం అంకెలు వేయండి. అబద్ధం వద్దు.

రాయకూడనివి: తిట్లు, చందా మానేస్తామన్న బెదిరింపు, ఇంకో సిరీస్‌తో పోలిక, ఇందాక చెప్పిన కథ సలహా. చందా మానేస్తామన్నవాళ్లు రేపు సినిమా తీస్తే చూసేవాళ్ల లెక్కలోకి ఎలా వస్తారు?

కవరు సంగతి. 80 జీఎస్‌ఎం ఎ4 కాగితం ఒకటి 5 గ్రాములు. మామూలు కవరు ఇంకో ఐదారు. అంటే ఒక కాగితం, ఒక ఫొటో పెట్టినా విదేశీ ఉత్తరం మొదటి మెట్టయిన 20 గ్రాముల లోపే ఉంటుంది. మందపాటి గ్రీటింగ్ కార్డు పెడితే దాటుతుంది, రేటు పెరుగుతుంది. ఒక ఉత్తరం పూర్తిగా కట్టి, అంటించకుండా, హన్మకొండ హెడ్ పోస్టాఫీసులోనో వరంగల్ హెడ్ పోస్టాఫీసులోనో కౌంటరు దగ్గర తూకం వేయించండి. చెప్పిన ధరను 25తో గుణించండి. అదే మీ బడ్జెట్. డబ్బు అది తెలిశాకే అడగండి. అమెరికాకు ఆ వారం ఏ సర్వీసు తీసుకుంటున్నారో కూడా అప్పుడే కనుక్కోండి.

అడ్రసు ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, కవరు కింది సగంలో కుడివైపు. దేశం పేరు చివరి వరుసలో ఒక్కటే. మీ అడ్రసు పైన ఎడమవైపు, పిన్ కోడుతో సహా. స్టూడియో అడ్రసు వాళ్ల అధికారిక వెబ్‌సైటులో 'సంప్రదించండి' పేజీ నుంచే తీసుకోండి. నటుల ఇంటి అడ్రసులు ఎక్కడైనా దొరికినా వాడొద్దు.

మామూలు విదేశీ ఉత్తరానికి ట్రాకింగ్ ఉండదు. అందుకే 25లో ఒక్కటి మాత్రం స్పీడ్ పోస్టులో వేయండి, అందరి సంతకాలతో ఉన్నది. గుర్తింపు కార్డు జిరాక్సు దగ్గర ఉంచుకోండి, అడిగితే ఇవ్వొచ్చు. రసీదు ఫొటో తీసి షీటులో పెట్టండి.

6. కానుకలు పంపాలా?

వద్దు. ఈ మాట చెబితే ఎవరో ఒకరు పల్లీల కథ తీస్తారు. నిజమే, 2007లో 'జెరికో'ను ఆపేస్తే అభిమానులు సీబీఎస్‌కు సుమారు 20 టన్నుల పల్లీలు పంపారు. చివరి ఎపిసోడ్‌లో హీరో అనే 'నట్స్' అన్న మాటకు గుర్తుగా. ఛానెల్ దిగొచ్చి 7 ఎపిసోడ్లు తీయించింది. 2008లో మళ్లీ ఆపేసింది. 'రోజ్‌వెల్' అభిమానులు టబాస్కో సాస్ సీసాలు పంపారు, అందులో గ్రహాంతర పిల్లలు అన్నింటి మీదా అదే పోసుకుంటారు కాబట్టి.

వరంగల్ జట్టుకు వెంటనే తట్టేది ఏనుమాముల మార్కెట్ మిర్చి. ఎర్రటి చపాటా మిర్చి పంపితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. విదేశీ ఆఫీసు తపాలా గదిలో కవరులోంచి ఎర్రటి పొడి రాలితే ముందు వచ్చేది సెక్యూరిటీ. సకినాలు చేరేసరికి పిండి అవుతాయి, నూనె కాగితానికి పట్టి అడ్రసు చెరిగిపోతుంది, వస్తువు కాబట్టి కస్టమ్స్ ఫారం కూడా నింపాలి. అమ్మతో చేయించిన సకినాలు జట్టు మీటింగుకు తెండి.

కానుక బదులు చేయదగ్గది: జట్టంతా వేయిస్తంభాల గుడి బయటనో, ఖిలా తోరణాల దగ్గరనో సిరీస్ పేరున్న కాగితం పట్టుకుని దిగిన ఒక్క 4×6 ఫొటో. వెనకాల తేదీ, ఊరు, ఎంతమందో రాయండి. మూడు గ్రాములో నాలుగు గ్రాములో, అంతకు మించదు. లేదా సిరీస్ పేరు మీద రక్తదానం చేయించి ఆ ఫొటో పెట్టండి. 'ఫైర్‌ఫ్లై' అభిమానులు 2006 నుంచి 'సెరెనిటీ' ప్రదర్శనలు పెట్టి సేవా సంస్థలకు డబ్బు కూడబెడుతున్నారు. పత్రికలు అలాంటివి రాస్తాయి.

ఆ మాట వచ్చింది కాబట్టి: కాలేజీ ఆడిటోరియంలో మీ ఓటీటీ అకౌంట్ పెట్టి ప్రొజెక్టర్ మీద అందరికీ చూపించడం కుదరదు. చందా ఇంటి వరకే. టికెట్ లేకపోయినా సార్వజనిక ప్రదర్శనకు హక్కుదారు అనుమతి కావాలి. హక్కుదారునే బతిమాలుతూ ఆయన హక్కునే తీసుకోవడం బాగుండదు కదా. దాని బదులు క్విజ్ పెట్టండి, చర్చ పెట్టండి, పోస్టర్లు గీయండి.

7. సోషల్ మీడియా: రోజుకు కాదు, వారానికి ఒక గంట

లాస్ ఏంజిలిస్‌లో ఆఫీసు మొదలయ్యే ఉదయం 9 గంటలు మనకు ఎండాకాలం సమయంలో రాత్రి 9.30, చలికాలం సమయంలో 10.30. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. మధ్యాహ్నం కాలేజీ విరామంలో మీరు వేసే పోస్టు వాళ్ల అర్ధరాత్రికి చేరుతుంది. ఇది తెలియక చాలా జట్లు అలసిపోతాయి. వారంలో ఒకే రోజు, మంగళవారమో బుధవారమో, ఒకే గంట పెట్టుకోండి.

హ్యాష్‌ట్యాగ్ ఒకటే. ముందు వెతికి చూడండి, దాన్ని ఇంకెవరో వేరే విషయానికి వాడుతుండొచ్చు. ప్రపంచవ్యాప్తంగా ఇదే సిరీస్‌కు ఇప్పటికే ఒకటి నడుస్తుంటే దాన్నే తీసుకోండి, మన ఊరి పేరుతో కొత్తది పుట్టిస్తే బలం చీలుతుంది. తెలుగు లిపిలో రెండోది పెట్టాలనుకుంటే మధ్యలో ఖాళీ రానివ్వకండి, పోస్టు చేశాక నొక్కి చూడండి, సగమే నీలంగా మారితే తెగినట్టే.

ఒకే వాక్యాన్ని వందమంది కాపీ పేస్టు చేస్తే ఎక్స్ (పాత ట్విటర్) దాన్ని స్పామ్‌గా చూసి కింద పడేస్తుంది. ఎవరి వాక్యం వాళ్లు రాయాలి. రాయడం రానివాళ్లు ఫొటో పెట్టాలి: టీవీ ముందు అమ్మ, నాన్న, పక్కింటి పిల్లలు. ట్యాగ్ చేయాల్సింది స్టూడియో అధికారిక ఖాతాను, ప్లాట్‌ఫారం ఖాతాను. నటులను ఒకసారికి మించి ట్యాగ్ చేయకండి. వాళ్ల చేతిలో నిర్ణయం ఉండదు, వాళ్ల వాల్ నిండా అదే కనిపిస్తే వాళ్లే విసుక్కుంటారు.

ఆన్‌లైన్ పిటిషన్ ఒకటి చాలు, ఉన్నదాంట్లోనే చేరండి. ఛేంజ్ డాట్ ఆర్గ్‌లో సంతకం చేశాక "కొంత డబ్బు ఇవ్వండి" అని అడుగుతుంది. ఆ డబ్బు పిటిషన్ ప్రచారానికి ఆ వెబ్‌సైటుకే పోతుంది, సినిమాకు కాదు, పిటిషన్ పెట్టినవాళ్లకూ కాదు. గ్రూపులో ఈ మాట ముందే చెప్పండి.

8. "మనమే డబ్బు పోగేద్దాం" అంటే

హక్కులు మీవి కావు కాబట్టి మీరు చందా ఎత్తి సినిమా తీయలేరు, తీయిస్తామని చెప్పి డబ్బు వసూలు చేయకూడదు. ఎవరైనా అలా వసూలు చేస్తుంటే దూరంగా ఉండండి. హక్కుదారు ఒప్పుకుని, సృష్టికర్తే దిగితేనే ఇది నడుస్తుంది. 2013లో 'వెరోనికా మార్స్' సినిమాకు డబ్బు అలా వచ్చింది. సైఫై కాదు, డిటెక్టివ్ కథ, కానీ పద్ధతి అదే. వార్నర్ బ్రదర్స్ ఒప్పుకున్నాకే, జనం దగ్గర డబ్బు పోగేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో 20 లక్షల డాలర్లు అడిగారు, 91,585 మంది కలిసి 57 లక్షలు ఇచ్చారు. 2014లో సినిమా వచ్చింది.

అలాంటిది నిజంగా మొదలైతే ఇక్కడి నుంచి చేరడానికి:

క) బ్యాంకు యాప్‌లో కార్డు 'అంతర్జాతీయ వాడకం' తెరిచి ఉందో చూడండి. మన కార్డులు మామూలుగా దేశంలో వాడకానికే తెరిచి వస్తాయి. పరిమితి చిన్నది పెట్టండి, పని అయ్యాక మూసేయండి.

చ) కిక్‌స్టార్టర్‌లో లక్ష్యం చేరితేనే డబ్బు కోస్తారు, అదీ గడువు ముగిశాక. ఆరోజు కార్డులో డబ్బు లేకపోతే, వాళ్లిచ్చే గడువులోనూ సరిచేయకపోతే మీ మాట పోతుంది.

ట) విదేశీ మారకం మీద బ్యాంకు సాధారణంగా 2 నుంచి 3.5 శాతం వరకు వేస్తుంది, దాని మీద జీఎస్టీ.

త) 'డిజిటల్ కాపీ' అని రాసి ఉంటే ఇండియాలో తెరుచుకుంటుందో లేదో ముందే చదవండి. టీషర్టు, పోస్టరు ఉన్న మొత్తం ఎంచుకుంటే తపాలా, కస్టమ్స్ ఖర్చు వస్తువును మించుతుంది. వస్తువు లేని చిన్న మొత్తమే మనకు లాభం.

9. పని జరుగుతోందా? ఎలా తెలుసుకోవాలి

షీటులో ప్రతి ఆదివారం నాలుగు అంకెలు వేయండి: పోస్టు చేసిన ఉత్తరాలు, పూర్తిగా చూసిన కొత్తవాళ్లు, అధికారిక ఖాతా నుంచి వచ్చిన జవాబులు, పత్రికల్లో వచ్చిన ప్రస్తావనలు. లైకులు రాయకండి. లైకుల గడి పెడితే అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి, ఉత్తరాలు ఆగిపోతాయి.

స్టూడియో నుంచి అచ్చు వేసిన మర్యాద జవాబు వస్తే అది తీర్మానం కాదు, చేరిందని అర్థం. అది కూడా తక్కువేమీ కాదు. ఫొటో తీసి దాచుకోండి.

గ్రూపులో "సినిమా ఖాయం అంట!" అన్న మెసేజ్ నెలకోసారైనా వస్తుంది. వార్తల బాధ్యత ఉన్న ఆ ఒక్కరు ఇలా సరిచూడాలి. వెరైటీ, హాలీవుడ్ రిపోర్టర్, డెడ్‌లైన్, ఈ మూడు హాలీవుడ్ వార్తా సంస్థల్లో ఒకదానిలోనైనా వచ్చిందా? స్టూడియో ఖాతా చెప్పిందా? రెండూ లేకపోతే గ్రూపులో వేయొద్దు. యూట్యూబ్‌లో ట్రైలర్ ఉందంటారు. కింద వివరాల్లో 'కాన్సెప్ట్' అన్న మాట ఉందేమో చూడండి, ఏఐతో చేసినవి కుప్పలుగా ఉన్నాయి. హీరో పెదవులు మాటతో కలవవు, ఓడ మీద అక్షరాలు చదవడానికి రావు. ఐఎండీబీ అనే సినిమా వివరాల వెబ్‌సైటులో పేజీ ఉన్నా నమ్మకండి, అక్కడ ఎవరైనా వివరం పంపొచ్చు. ఏదో సభలో నటుడు "నాకైతే చేయాలనే ఉంది" అనడం కూడా వార్త కాదు, అందరూ అంటారు.

ప్రకటన వచ్చినా ఒప్పందం అన్నట్టు కాదు. 'స్టార్‌గేట్ అట్లాంటిస్'కు సినిమా ప్రకటించి, పేరు కూడా పెట్టి, చివరికి తీయలేదు. షూటింగు మొదలైందన్న వార్త వచ్చేదాకా షీటు మూయకండి.

10. ఎన్నాళ్లు?

'ఏలియన్ నేషన్' 1990లో ఉత్కంఠ తేలకుండా, క్లిఫ్‌హ్యాంగర్ దగ్గర ఆగితే కొనసాగింపు టీవీ సినిమా 1994లో వచ్చింది. 'స్టార్ ట్రెక్' 1969లో ఆగితే మొదటి సినిమా 1979లో. పదేళ్లు ఎవరూ వారానికో గంట ట్వీట్లు వేయలేరు. మొదటి మూడు నెలలు పూర్తి బలం, తర్వాత ఏడాది పాటు నెలకు రెండు ఉత్తరాలు, ఆ తర్వాత ఏటా రద్దయిన తేదీన ఒక్కరోజు. డబ్బు మిగిలితే ఇచ్చినవాళ్లకు తిరిగి ఇచ్చేయండి, లెక్క గ్రూపులో పెట్టండి.

హక్కులు చేతులు మారిన వార్త, పాత సిరీస్ కొత్త ఓటీటీలోకి వచ్చిన వార్త, సృష్టికర్త వేరే స్టూడియోతో ఒప్పందం చేసుకున్న వార్త, ఈ మూడింట్లో ఏది వచ్చినా మళ్లీ 1వ మెట్టు నుంచి మొదలుపెట్టండి. అడ్రసు మారి ఉంటుంది.

ఇక సినిమా వచ్చిందే అనుకోండి. 'సెరెనిటీ'కి సుమారు 3.9 కోట్ల డాలర్లు పెట్టారు, ప్రపంచమంతా కలిపి థియేటర్లలో వచ్చింది సుమారు 4 కోట్లు. థియేటర్ల వాటా పోగా నిర్మాతకు ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది. రెండో సినిమా రాలేదు. కాబట్టి మన దగ్గర విడుదలైతే శుక్రవారం, శనివారమే వెళ్లండి, ఆదివారం దాకా ఆగొద్దు. సోమవారం ఏ షో ఉంచాలో, ఏది తీసేయాలో మొదటి రెండు రోజుల టికెట్లు చూసే తేలుస్తారు. హన్మకొండలో పడకపోతే హైదరాబాద్‌కు కాజీపేటలో పొద్దున రైళ్లున్నాయి, పన్నెండు మందికీ ఒకేసారి టికెట్లు తీయండి.